‘నేరం అంగీకరించాడు’ అని రాసిన ఏడేళ్లకు

నేరం ఒప్పుకున్నాడని మా పత్రిక రాసిన ఒక గుమస్తా, తర్వాత కోర్టులో నిర్దోషిగా తేలారు. ఆ కేసు గురించి రాస్తానంటే, అప్పటి వార్త రాసిన విలేకరి ఒప్పుకున్నాడు. గుమస్తాగా పనిచేసిన ఆ పెద్దాయన కూడా “ఊరి పేరు మాత్రం వద్దు బాబూ” అని ఒప్పుకున్నారు. అందుకే ఊరు, కుటుంబ వివరాలు, ఆయన ఉద్యోగానికి సంబంధించిన కొన్ని గుర్తులు మార్చాను. సంవత్సరాలు మాత్రం మార్చలేదు. జరిగిన నష్టం అంతా ఆ సంవత్సరాల మధ్యే ఉంది.

నేను విజయవాడలో ఒక దినపత్రిక జిల్లా డెస్క్‌లో కోర్టు వార్తలు చూస్తాను. కొత్తగా కోర్టు బీట్‌కు వచ్చే విలేకరులకు మొదట్లో పని నేర్పేదీ నేనే. ఇక్కడ రాసిన తప్పుల్లో విలేకరి వాటా ఎంతో, డెస్క్ వాటా కూడా అంతే ఉంది.

నేపథ్యం

ఆ విలేకరి మండలం నుంచి వార్తలు పంపే కంట్రిబ్యూటర్‌గా మొదలయ్యాడు. అచ్చయిన వార్తల్ని కత్తిరించుకుని, స్కేలు పెట్టి కొలిచి, నెలాఖరుకు లైనేజ్ బిల్లు (అచ్చయిన నిడివిని బట్టి ఇచ్చే డబ్బు కోసం) పంపిన రోజులు చూశాడు. తర్వాత సిటీకి వచ్చి క్రైం చేశాడు. 2014లో కోర్టులు ఇచ్చారు. మన పత్రికల్లో దీన్ని ఎవరూ ప్రమోషన్ అనుకోరు. క్రైం విలేకరికి ఎప్పుడైనా బైలైన్ (వార్త మీద తన పేరు) దొరుకుతుంది, పొలిటికల్ విలేకరిని నాయకులు పేరు పెట్టి పలకరిస్తారు. కోర్టు విలేకరి ఉదయం పదిన్నరకల్లా వెళ్లి, రోజంతా వరండాల్లో తిరిగి, సాయంత్రానికి మూడు సింగిల్ కాలమ్‌లు పట్టుకొస్తాడు. మేజిస్ట్రేట్ కోర్టులు, సెషన్స్ కోర్టులు, మహిళా కోర్టు, ఏసీబీ కోర్టు అన్నిటికీ అతనొక్కడే. 2022 ఆగస్టు 20న అప్పటి సీజేఐ జస్టిస్ ఎన్.వి.రమణ కొత్త కోర్టు భవనాన్ని ప్రారంభించాక తిరుగుడు కొంత తగ్గిందేమో గానీ, ఒకే సమయంలో రెండు కోర్టు హాళ్లలో కూర్చోవడం ఎవరి వల్లా కాదు. కాబట్టి మనుషుల మీద ఆధారపడతాడు. కోర్టు కానిస్టేబుల్, పీపీ (ప్రభుత్వం తరఫు లాయరు) ఆఫీసు గుమస్తా, బెంచి క్లర్కు, తెలిసిన నలుగురు లాయర్లు.

ఈ ఏర్పాటులో ఒక లోపం ఉంది. ఈ కేసు వచ్చేదాకా నేను కూడా దాన్ని గట్టిగా పట్టించుకోలేదు. ఎవరికైనా శిక్ష పడితే సాయంత్రం ఐదుకల్లా వాట్సాప్‌లో ప్రెస్ నోట్ వచ్చేస్తుంది. సెక్షన్లు, శిక్ష, జరిమానా, శిక్ష పడేలా పనిచేసిన సిబ్బందిని అధికారులు అభినందించారన్న వాక్యం, ఒక ఫొటో అన్నీ అందులో ఉంటాయి. నిర్దోషి అని తీర్పు వస్తే ప్రెస్ నోట్ ఇచ్చే శాఖ ఏదీ లేదు. పీపీ చెప్పరు, పోలీసులు చెప్పరు. లాయరు ఇంకో కోర్టు హాల్లోకి వెళ్లిపోతాడు. ఆ మనిషి దణ్ణం పెట్టుకుని బస్సెక్కుతాడు. శిక్ష వార్త మన దగ్గరికి నడిచి వస్తుంది, విడుదల వార్త కోసం మనమే నడిచి వెళ్లాలి.

2016లో ఒక గ్రామీణ సహకార సొసైటీ గుమస్తాను అరెస్టు చేశారు. రైతులు కట్టిన అప్పు బకాయిల సొమ్ము పుస్తకాల్లో జమ చేయకుండా వాడుకున్నాడని కేసు. ఐపీసీ 409 (అప్పగించిన సొమ్ము విషయంలో నమ్మకద్రోహం), 420 (మోసం). అరెస్టయినవాళ్లను కస్టడీకి పంపమని పోలీసులు కోర్టుకు ఇచ్చే రిమాండ్ రిపోర్టు కాపీని మా విలేకరి సంపాదించాడు. అందులో “మధ్యవర్తుల సమక్షంలో నిందితుడు నేరం అంగీకరించాడు” అని ఉంది. మధ్యవర్తులంటే పోలీసులు సాక్షులుగా పిలిచే బయటివాళ్లు. అదే రాశాడు. డెస్క్ దానికి “రైతుల సొమ్ము మింగిన గుమస్తా” అని హెడ్డింగ్ పెట్టింది. నాలుగు కాలమ్‌లు, ఫొటోతో. ఆ రాత్రి పేజీ చూసింది నేనే.

సమస్య

2023 వేసవిలో ఆ గుమస్తా మా ఆఫీసుకు వచ్చారు. చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో 2016 నాటి కటింగ్. నాలుగు మడతలు పడి, మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి. పైన అంచు మీద బాల్‌పెన్నుతో తేదీ రాసి ఉంది. దాని వెనక 19 పేజీల తీర్పు. మేజిస్ట్రేట్ కోర్టు 2022లోనే ఆయన నిర్దోషి అని తేల్చింది.

“బాబూ, ఇది రాసింది మీరేనా?” అని కటింగ్ చూపించారు. విలేకరి అవునన్నాడు. ఆయన తీర్పు కాపీ ముందుకు జరిపి, “మరి ఇది కూడా రాయండి” అన్నారు. కోపం లేదు, దబాయింపు లేదు. కూతురికి సంబంధం దాదాపు ఖాయమైందట. పెళ్లికొడుకు తరఫువాళ్లు ఫోన్‌లో ఇంటిపేరుతో సహా ఆయన పేరు కొట్టి చూస్తే మా వెబ్‌సైట్‌లోని పాత వార్త వచ్చిందట. ఇంకేం మాట్లాడకుండా తప్పుకున్నారు.

ఆ రాత్రి పదకొండింటికి, పేజీలు ప్రింటింగ్‌కు వెళ్లిపోయాక, విలేకరి నా టేబుల్ దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. “సార్, తీర్పు వచ్చిన రోజు నేను ఆ కోర్టులోనే ఉన్నాను. పక్క హాల్లో ఒక శిక్ష కేసు ఉంటే అటు వెళ్లాను” అన్నాడు. ఈ కేసులో నన్ను ఇప్పటికీ పట్టి ఉంచేది ఆ మాట.

మొదటి ప్రయత్నాలు, అవి ఎందుకు పనికిరాలేదు

మొదటి ఆలోచన అందరికీ వచ్చేదే. ఏడాది దాటిన తీర్పు, ఇప్పుడు వార్త ఏముంది? మీటింగ్‌లో ఇంకో మాట కూడా వచ్చింది. పరువునష్టం కేసుకు గడువు ఎప్పుడో దాటిపోయింది, ఆయన మనల్నేం చేయలేడు అని. లెక్క సరైనదే. సివిల్‌గా ఏడాది, క్రిమినల్‌గా మూడేళ్లు. అదీగాక, అరెస్టు జరిగింది, రిమాండ్ రిపోర్టులో ఆ వాక్యం ఉంది, మేం కల్పించింది ఏమీ లేదు. చట్టం వైపు నుంచి మాకు టెన్షన్ లేదు.

కానీ టెన్షన్ లేదన్నది ఆయనకు జవాబు కాదు. ఆయన మమ్మల్ని బెదిరించలేదు, పరిహారం అడగలేదు. మేం మొదలుపెట్టిన కథను మమ్మల్నే పూర్తి చేయమన్నారు. గడువు చట్టం చెప్పేది కోర్టుకు ఎప్పటిదాకా వెళ్లొచ్చన్నదే. పాఠకుడికి సగం చెప్పి వదిలేసిన సంగతికి దానితో సంబంధం లేదు. నేను ఇదే వాదించాను. ఒక సింగిల్ కాలమ్‌కు ఒప్పుకున్నారు.

మర్నాడు అది వచ్చింది. లోపలి పేజీలో, అడుగున, ఎనిమిది వాక్యాలు. హెడ్డింగ్ “సొసైటీ గుమస్తాపై కేసు కొట్టివేత”. మా డ్యూటీ అయిపోయిందనుకున్నాం.

వారం తిరక్కుండా ఆయన ఫోన్ చేశారు. “బాబూ, మీరు రాయకపోయినా బాగుండేది. ఏడేళ్ల కిందటిది మర్చిపోయినవాళ్లకు కూడా గుర్తు చేశారు. ఊళ్లో ఏమంటున్నారో తెలుసా, డబ్బులిచ్చి కొట్టేయించుకున్నాడట.”

ఆ ఒక్క మాట దగ్గర మేమిద్దరం చాలాసేపు ఆగాం. తప్పు సైజులో ఉందనుకున్నాం గానీ, అంతకంటే పెద్ద తప్పు పదంలో ఉంది. మన పత్రికల్లో ‘కొట్టివేత’ అన్నిటికీ వాడేస్తాం. విచారణ మొదలుకాకముందే ఆధారాలు చాలవని డిశ్చార్జ్ చేసినా కొట్టివేతే. హైకోర్టు ఎఫ్ఐఆర్‌ను క్వాష్ (రద్దు) చేసినా కొట్టివేతే. ఇరుపక్షాలూ లోక్ అదాలత్‌లో రాజీ పడినా కొట్టివేతే. ఫిర్యాదుదారు వాయిదాకు రాకపోయినా కొట్టివేతే. సాక్షులందర్నీ విచారించి, క్రాస్ (ఎదుటి లాయరు ప్రశ్నించడం) పూర్తయి, వాదనలు విని, ఈ మనిషి నేరం చేసినట్టు రుజువు కాలేదని జడ్జి తీర్పు రాసినా కొట్టివేతే. చట్టంలో ఇవన్నీ వేర్వేరు సెక్షన్లు, వేర్వేరు ఫలితాలు. చదివేవాడికి మాత్రం ఒకటే వినిపిస్తుంది, ఎవరో ఎక్కడో ఏదో చేసుకుని బయటపడ్డాడని. ఆరేళ్లు వాయిదాలకు తిరిగి తెచ్చుకున్న తీర్పును మేం ఒక్క పదంతో రాజీ చేసేశాం.

తీర్పు చదవడం

ఇంత జరిగాక గానీ 19 పేజీలూ పూర్తిగా చదవలేదు. ఈ మాట రాయడానికి కష్టంగా ఉంది. ముందు విలేకరి చదివింది చివరి పేరా ఒక్కటే, సీఆర్‌పీసీ (నేర విచారణ పద్ధతి చట్టం) 248(1) కింద నిర్దోషిగా విడుదల చేస్తున్నట్టు ఉన్నది. కోర్టు విలేకర్లు చాలామంది చేసేది ఇదే. సాయంత్రం ఆరు దాటాక టైమెక్కడుంటుంది?

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని మొదటి పేజీ నుంచి చదివాం. 409 సెక్షన్ నిలబడాలంటే ముందు ఆ సొమ్ము నిందితుడి చేతికి అప్పగించినట్టు రుజువు కావాలి. జడ్జి ఎనిమిది పేజీలు దీని మీదే రాశారు. డబ్బున్న బీరువా తాళాలు గుమస్తా దగ్గర కాదు, ఇంకొకరి దగ్గర ఉండేవని ప్రాసిక్యూషన్ తరఫు సాక్షే క్రాస్‌లో ఒప్పుకున్నాడు. ఓచర్ల మీది సంతకాలు నిందితుడివేనని నిపుణుడి నివేదిక చెప్పలేదు. మధ్యవర్తుల నివేదిక మీద సంతకం పెట్టిన ఇద్దరిలో ఒకాయన, తాను సంతకం స్టేషన్‌లో పెట్టానని, నిందితుణ్ని అక్కడ చూడలేదని చెప్పాడు. మేం 2016లో నాలుగు కాలమ్‌ల వార్త కట్టింది, రిమాండ్ రిపోర్టులోకి ఎక్కిన ఆ నివేదికలోని వాక్యం మీదే.

అక్కడ విలేకరి తీర్పు కాపీ మూసేసి బయటకు వెళ్లి పది నిమిషాల తర్వాత వచ్చాడు.

నిజానికి ఆ వాక్యం గురించి మాకు ముందే తెలిసుండాలి. పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలును నిందితుడికి వ్యతిరేకంగా రుజువు చేయడానికి వీల్లేదని 1872 నాటి సాక్ష్యాధారాల చట్టం 25వ సెక్షనే చెప్పింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో అది 23వ సెక్షన్ అయింది. ఆ ఒప్పుకోలు వల్ల ఏదైనా వస్తువో ఆధారమో బయటపడితే, ఆ మేరకు మాటలే చెల్లుతాయి. కోర్టు వినకూడదని చట్టం చెప్పిన మాటను మేం ఊరందరికీ వినిపించాం. కోర్టులో సాక్ష్యంగా పనికిరానిది పేపర్లో వార్తగా ఎలా పనికొస్తుందన్న ప్రశ్న మాకు అప్పట్లో తట్టలేదు.

ఈ ప్రాంతంలో కోర్టు వార్తలు రాసేవాళ్లకు ఇది తట్టకపోవడానికి సాకు కూడా లేదు. ఇబ్రహీంపట్నం హాస్టల్‌లో 2007లో జరిగిన హత్య కేసు మాలో ఎవరూ మరచిపోలేదు. 2010లో విజయవాడ మహిళా కోర్టు దోషి అన్న యువకుణ్ని, 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు నిర్దోషి అని వదిలిపెట్టింది. మధ్యలో అతని వయసులో ఎనిమిదేళ్లకు పైగా జైల్లో పోయాయి. అంత పెద్ద కేసు గనక ఆ విడుదల అన్ని పత్రికల్లో మొదటి పేజీకి ఎక్కింది. చిన్న కేసుల్లో, ఊళ్లో తప్ప ఎవరికీ తెలియని మనుషుల విషయంలో, అది ఎక్కడికీ ఎక్కదు.

మరో వైఫల్యం

ఆ తర్వాత నేను ఊహించనిది జరిగింది. విలేకరి రాయడం తగ్గించేశాడు. అరెస్టు వార్త అంటేనే భయపడేవాడు. రాసినా ప్రతి వాక్యం చివర ‘అని పోలీసులు ఆరోపించారు’ అని పెట్టేవాడు. పది వాక్యాలకు పది ఆరోపణలు. సబ్ ఎడిటర్లు విసుక్కుని సగం కొట్టేసేవారు. రెండు నెలలకు పొలిటికల్‌కు మార్చమని అడిగాడు.

నేను వెంటనే ఒప్పుకోలేదు, కాదనలేదు. ఆలోచించింది ఇది. ఈ దెబ్బ తిన్న మనిషి కోర్టు బీట్ వదిలేస్తే, ఆ జాగాలోకి దెబ్బ తినని మనిషి వస్తాడు. పాత వార్తే మళ్లీ రాస్తాడు. కాకపోతే భయంతో ఉన్న మనిషిని బలవంతంగా కూర్చోబెడితే పనిచేయడు. అతనికి ధైర్యం చెబితే సరిపోదు, పని చేసే పద్ధతి ఒకటి చేతికి ఇవ్వాలి. “మూడు నెలలు ఆగు, ఒక పని చేసి చూద్దాం, అప్పటికీ వెళ్తానంటే నేనే రాసిస్తాను” అన్నాను.

పనిచేసింది

వన్‌టౌన్‌లో ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నాడు. ప్రతి అరెస్టు వార్తకూ ఒక వరస. తేదీ, స్టేషన్, క్రైం నంబరు, సెక్షన్లు, మనం వేసిన సైజు, పేజీ. చార్జిషీటు పడ్డాక కోర్టు ఇచ్చే సీసీ (కేసు) నంబరు, ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో ఆ కేసుకు వచ్చే 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు. చివరి గడి ఖాళీ. తీర్పు వచ్చిన రోజు ఆ గడి నింపాలి. ప్రతి శనివారం గంటసేపు ఫోన్‌లో ఒక్కో నంబరూ కొట్టి చూసేవాడు. డిస్పోజ్డ్ (కేసు తేలిపోయింది) అని కనిపిస్తే సోమవారం పొద్దున్నే తీర్పు కోసం వెళ్లేవాడు. కోర్టు కానిస్టేబుల్ చెప్పినా చెప్పకపోయినా వాయిదా అతనికి తెలిసేది. వ్యాపారి బాకీల పుస్తకం రాసుకున్నట్టే ఉంటుంది అది. మేం వార్త రాసిన ప్రతి మనిషికీ ముగింపు బాకీ ఉన్నాం.

డెస్క్‌లో మేం రెండు పద్ధతులు మార్చాం. ఒకటి, ‘కొట్టివేత’ అన్న పదం హెడ్డింగ్‌లో కనిపిస్తే పేజీ నా దగ్గర ఆగాలి. విచారణ తర్వాత అయితే ‘నిర్దోషి’, ముందే అయితే ‘విచారణ అవసరం లేదన్న కోర్టు’, రాజీ అయితే ‘రాజీ’. రెండోది, రిమాండ్ రిపోర్టులోని ఒప్పుకోలు వార్తలోకి రాకూడదు. దీని మీద గొడవ చాలా జరిగింది. పక్క పత్రికలన్నీ రాస్తుంటే మనకే లేదేమిటని ఎడిషన్ ఇన్‌చార్జి రోజూ అడిగేవారు. ఆయన ప్రశ్న తప్పు కాదు, పొద్దున్నే నాలుగు పేపర్లు పక్కపక్కన పెట్టి చూసేది ఆయనే. అలాంటప్పుడు రిమాండ్ రిపోర్టులో ఒప్పుకోలు కాకుండా ఇంకేముందో వెతకమన్నాం. ఎంత సొమ్ము, ఎప్పటి నుంచి, ఆడిట్ ఎందుకు ఆలస్యమైంది, ఎవరు ఫిర్యాదు చేశారు. వెతికితే ఒప్పుకోలు కంటే మంచి వార్త అక్కడే దొరికేది.

గుమస్తా గురించి మళ్లీ రాశాం. ఈసారి 2016లో వేసిన పేజీలోనే, నాలుగు కాలమ్‌లు. “సొమ్ము ఆయనకు అప్పగించినట్టు రుజువు లేదు: సొసైటీ కేసులో గుమస్తా నిర్దోషి”. మొదటి పేరాలోనే, అరెస్టు వార్త మేమే ప్రచురించామని, అందులోని ఒప్పుకోలు వాక్యం కోర్టులో నిలబడలేదని రాశాం. ‘గౌరవప్రదంగా విడుదల’ అని రాద్దామని విలేకరి అన్నాడు. నేను వద్దన్నాను. ఆ మాట సీఆర్‌పీసీలో లేదని, కోర్టుల తీర్పుల్లోంచి పుట్టిందని సుప్రీంకోర్టు 2012లో సముత్తిరం కేసులో చెప్పింది. ఉద్యోగంలోకి తిరిగి తీసుకునే విషయంలో ఆ మాటకు బరువుంది. జడ్జి వాడని మాట మనం తగిలిస్తే ఇంకో తప్పు అవుతుంది. జడ్జి రాసిన కారణాలు రాస్తే చాలు, పాఠకుడికి అర్థమవుతుంది. వెబ్‌సైట్‌లో పాత వార్తను తీసేయలేదు. దాని పైనే తీర్పు సంగతి, తేదీ పెట్టించాం. తీసేస్తే అరెస్టు సంగతి తెలిసినవాళ్లకు జవాబు దొరకదు, పెడితే వెతికినవాళ్లకు రెండూ కలిపే కనిపిస్తాయి.

మూడు నెలలయ్యాక అతను బదిలీ ఊసెత్తలేదు. నేనూ అడగలేదు.

ఈ పద్ధతికి ఇంకో వైపు కూడా ఉంది, అదీ చెప్పాలి. తీర్పులు పూర్తిగా చదవడం అలవాటయ్యాక అతని వార్తల్లో వివరాలు పెరిగాయి. ఒక రాత్రి పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు శిక్ష వార్త పంపాడు. పాప పేరు లేదు. కానీ ఊరు ఉంది, తండ్రి చేసే పని ఉంది, చదివే తరగతి ఉంది, నిందితుడు ఆ ఇంటికి ఏమవుతాడో ఉంది. ఆ ఊళ్లో ఎవరికైనా ఆ పాప ఎవరో ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. పోక్సో చట్టం 23వ సెక్షన్ పేరొక్కటే కాదు, చిరునామా, ఫొటో, కుటుంబ వివరాలు, బడి, చుట్టుపక్కల ప్రాంతం, గుర్తు తెలిసే ఏ వివరమూ వద్దంటుంది. ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. నిందితుడు దగ్గరి బంధువైతే అతని పేరు రాయడమూ పాప పేరు రాయడమే. అన్నీ తీసేసి నాలుగు వాక్యాలు మిగిల్చాం. “ఇంత చదివి ఇంతేనా సార్?” అన్నాడు. ఇంతే అన్నాను. గుమస్తా కేసులో వివరం ఆ మనిషిని కాపాడింది, ఇక్కడ అదే వివరం పాపను పట్టిస్తుంది. ఏ కేసులో ఎవరి కోసం రాస్తున్నామో ప్రతి రాత్రీ కొత్తగా అడగాల్సిందే, దానికి నోట్‌బుక్‌లో గడి లేదు.

ఇంకా తేలనిది

రెండో వార్త వచ్చిన రోజు సాయంత్రం పెద్దాయన మళ్లీ వచ్చారు. సంతోషంగానే ఉన్నారు. కూర్చుని మొత్తం చదివారు, మా ముందే, వేలు పెట్టి ఒక్కో లైనూ. తర్వాత తలెత్తి, “తాళాలు ఎవరి దగ్గరున్నాయో రాయలేదేం బాబూ? తీర్పులో పేరు ఉందిగా” అన్నారు.

తీర్పులో ఉన్న మాట నిజమే. మేం కావాలనే వదిలేశాం. ఆ మనిషి మీద చార్జిషీటు లేదు. కోర్టు అతన్ని నిందితుడిగా విచారించలేదు, అతని మాట వినలేదు. ఒక సాక్షి క్రాస్‌లో చెప్పిన మాటకు అతని పేరు తగిలించి నాలుగు కాలమ్‌లు వేస్తే, 2016లో ఈయనకు చేసిందే అతనికీ చేసినట్టవుతుంది. విలేకరి ఇదంతా నిదానంగా చెప్పాడు.

ఆయన విన్నారు. “నా పేరు రాసేటప్పుడు ఇంత ఆలోచించారా?” అని అడిగారు.

అతను “లేదండీ” అన్నాడు.

పెద్దాయన కొత్త కటింగ్‌ను పాతదానితో కలిపి ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని లేచారు.